నాన్న దుంప ఎటు పాకింది

గుడ్డ మీద బొమ్మకి రంగు చుక్కలు పెట్టేటప్పుడు నవ్వించొద్దని వాల్డా పొద్దున్నే మేనత్త మేసీ కాళ్లావేళ్లా పడింది. మేసీ వింటేనా? డెబ్భై దాటినా ఆవిడ నోటికి తాళం లేదు.

వాల్డా పుట్టి పెరిగిందంతా ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలోనే. నలభయ్యో ఏట, తండ్రి పోయాక, కూతుర్ని వెంటబెట్టుకుని ఎడారిలోని ఆయన ఊరికి వచ్చింది. లోకం పుట్టిన నాడు అడవి దుంప ఏ దారిన పాకిందో చెప్పే కథ ఆయన వైపు వాళ్లది. దాన్ని గీసే హక్కూ వాళ్లదే. అయితే గీసింది సరేనా అని చూడాల్సింది ఆ ఇంటి ఆడపడుచు బిడ్డ. అంటే మేసీ కొడుకు క్లిఫోర్డ్. అతను కాదంటే ఇక వాల్డా ఆ కథ జోలికి పోకూడదు. సాయంత్రం అతను వస్తున్నాడంటే ఆమెకి ఉదయం నుంచీ రొట్టె ముక్క దిగలేదు.

"ఏమే కోడలా, గీత అలా వంకర్లు పోతోంది? దుంపకి చలిజ్వరమా?" అంది మేసీ.

"నువ్వు కాసేపు ఊరుకుంటే నా దుంప నిక్షేపంలా ఉంటుందత్తా."

ఊరుకోవడం ఆవిడ జాతకంలోనే లేదు. "మీ నాన్న చిన్నప్పుడు దుంప కోసం నేల పగుల్లో చెయ్యి పెట్టాడే. వేలికి ఉడుము వేలాడుతూ బయటికొచ్చింది. 'దుంప కరిచింది, దుంప కరిచింది' అని ఊరంతా పరుగు." పోయిన మనిషి పేరు పలకడం వాళ్లలో తప్పు. ఆ పేరెత్తకుండానే ఆయన్ని ఎదుట నిలబెట్టింది మహాతల్లి. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎండ మీదికొస్తే గుడ్డని నీడలోకి లాక్కుని, నవ్వుతూనే మళ్లీ చుక్కలు పెట్టారు.

క్లిఫోర్డ్ వచ్చి టోపీ తియ్యకుండా కూర్చున్నాడు. మేసీ దుంప దారి చెప్పే పాట ఎత్తుకుంది. పాటతోపాటు వాల్డా వేలు గీత వెంట సాగింది, సగంలో ఆగిపోయింది.

"అత్తా, పాట తూర్పుకి పోతోంది. నా వేలు పడమటికి పోతోంది. నీడలోకి లాగినప్పుడు గుడ్డ అటుది ఇటు తిరిగిపోయింది. అటు బావ అత్తగారి వాళ్ల నేల."

క్లిఫోర్డ్ చటుక్కున మొహం తిప్పేసుకున్నాడు. అల్లుడు అత్తగారి ఎదుట పడకూడదన్నది వాళ్ల కట్టుబాటు. ఇక ఆవిడ నేలని మాత్రం చూస్తాడా? మేసీ నవ్వలేక ఒరిగిపోయింది. వాల్డాకి మాత్రం నవ్వు రాలేదు. నల్లరంగు తీసి పడమటి సగమంతా తనే పూసేసింది.

"తప్పని నీకెవరు చెప్పారు?" అన్నాడు క్లిఫోర్డ్, అటు తిరిగే.

"ఎవరూ చెప్పలేదు బావా."

"మరింకేం. రేపు మిగతాది తూర్పుకి వెయ్యి." అతను టీ పోసుకున్నాడు. "నీ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకో. నువ్వూ ఈ ఇంటి ఆడపడుచువే. నా తరవాత నీ తప్పులు పట్టాల్సింది అదేగా."

వాల్డా పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.