వీపు చూపిన పాఠం

ఉర్దూ పాఠాలు పోయి ఇంగ్లీషు పాఠాలు వచ్చి, అవి సైతం మెల్లగా తెలుగులోకి ఒదుగుతున్న ఆ అరవైల చివరి ఏండ్లలో, చదువు అందరికీ అందాలని పెద్దలు సభలలో పలుకుతుండగా, హైదరాబాదులో ఆబిడ్స్ వెనుక ఒక చిన్న కళాశాలలో తర్కశాస్త్రం బోధించే వామన్‌రావు, పరస్త్రీల ముఖం వంక చూడరాదన్న చిన్ననాటి నియమాన్ని పాఠం చెప్పేటప్పుడు కూడా సడలనీయక, అదే తన శీలమని నమ్మి బ్రతికాడు.

ఆడపిల్లలు కూర్చునే ముందు వరుసను విడిచి ఆయన చూపు నల్లబల్ల మీదనో, కిటికీ మీదనో నిలిచేది. ఒకనాడు అట్లే బల్లకు అభిముఖుడై అడిగిన ప్రశ్నకు విమల అనే విద్యార్థిని బదులు పలకలేదు. మళ్లీ అడిగాడు, మౌనమే. ఈమెకంటె ఈ గోడ నయమన్నాడు. తరగతి గొల్లున నవ్వింది. మరునాటి నుండి విమల రాలేదు.

కొన్నాళ్లకు ఆమె తండ్రి, గౌలిగూడలో బస్సులు బాగుచేసే మొగులయ్య, బిడ్డను చదువు మాన్పిస్తానని వచ్చాడు. కారణమేమని వామన్‌రావు అడిగాడు.

“చిన్నప్పుడు తట్టు పోసి చెవులు పోయినయి సార్. చెప్తే చేర్చుకోరని దాచినం. పెదవులు చూసి అన్నీ తెలుసుకుంటది. మీరు మొకం చూపిస్తలేరంట. నేనేం తప్పు చేసిన్నే, సారు నా దిక్కే చూడడు అని ఏడుస్తది.”

వామన్‌రావుకు అప్పుడు తెలిసింది. నిత్యం వాగ్దేవిని అర్చించి బయలుదేరే తాను, ఆ తల్లి వాకిట నిలిచిన బిడ్డకు వీపు చూపాడు. ఆనాటి నవ్వును విమల వినలేదు, చూసింది. అది తలచినకొద్దీ నాంపల్లిలోని ఇంట ఆయనకు అన్నం సహించలేదు. సంగతి విని భార్య కమల, “బిడ్డ మొకం చూడని తండ్రిని ఏ శాస్త్రం మెచ్చుకుంటదండి?” అన్నది.

ఆయన మొగులయ్య ఇంటికి వెళ్లి, విమలకు ఎదురుగా కూర్చొని, తప్పు తనదని నెమ్మదిగా చెప్పాడు. ఆమె తేరిపార చూసి, బెదురుతూ, “మీసాలు అడ్డమొస్తున్నయి సార్” అన్నది.

తండ్రి బ్రతికుండగా మీసం తీయరాదన్నది వారి ఇంటి ఆచారం. వామన్‌రావు సంకోచిస్తూ విన్నవిస్తే, ముసలి తండ్రి గోపాలరావు మంచం మీద నుండే నవ్వి, “తీసెయ్‌రా. ఎవరన్న పరామర్శకొస్తె గీడనే ఉన్ననని నేనే చెప్త” అన్నాడు.

మరునాడు నున్నని పెదవితో ముందు వరుసకు ఎదురుగా నిలిచి పాఠం చెప్పాడు. తిరిగి వచ్చిన విమల తల ఎత్తి, కనురెప్ప వాల్చక అందుకున్నది. ఆ తరువాత ఎన్నేండ్లు బోధించినా, తరగతి నవ్విన ప్రతిసారీ ఆయన చూపు దిగులుగా ముందు వరుసలోకే పరుగెత్తేది.

ఆ పశ్చాత్తాపం ఆయనకు తపస్సై ఫలించుగాక. ఆ ఇంటి పెద్దలు చిరాయువులై, ఆ ఇల్లాలు పసుపుకుంకుమలతో వర్ధిల్లుదురు గాక. ఆ వాగ్దేవి వాకిట పలికిన ప్రతి మాటా వచ్చినవారికెల్ల అందుగాక.