గుర్రంతో మాట్లాడకూడదు

ఆ రోజు పొద్దున్నే మా అమ్మ కాటుక డబ్బీ పట్టుకుని గుర్రాలశాల దాకా వచ్చేసింది. "అంతమందిలోకి తీసుకెల్తన్నావు, దిష్టి సుక్క ఎట్టకపోతే ఎలాగే?" అంటూ మా వాడి తెల్లటి మొహం మీద రూపాయి బిళ్ళంత నల్లచుక్క పెట్టింది. ఖిదిర్‌పూర్ వంతెన దాటేసరికి అది చెమటకి కారి ముక్కు దాకా పాకింది. పోటీకి వెళ్తున్న గుర్రంలా లేడు, ఎక్కడో తన్నులు తిని వస్తున్నవాడిలా ఉన్నాడు.

నేను ఆ గుర్రాలశాలలో పిల్లలకి స్వారీ నేర్పుతాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ కలకత్తాకి వచ్చి కార్పొరేషన్‌లో పనికి కుదిరాడు, మా నాన్నా అదే పని చేశాడు, నేను మాత్రం గుర్రాల పాలబడ్డాను. మా వాడంటే నాలుగేళ్ళ పిల్లగుర్రం. మొదటిసారి జీను వేసిన రోజు నుంచీ నా చేతిలోనే పెరిగాడు. అందగాడే గానీ బుద్ధి లేదు. శాల యజమాని విసిగిపోయి, డ్రెసాజ్ పోటీలో వీణ్ణి మధ్యలో గెంటేయకుండా ఆఖరు దాకా ఉంచితే సరే, లేదంటే విక్టోరియా మెమోరియల్ ముందు జనాన్ని తిప్పే వెండిరేకుల బండివాడికి ఇచ్చేస్తానని తేల్చి చెప్పాడు. ఆ బండ్లకి కట్టిన గుర్రాల ఎండిన డొక్కలు నేను రోజూ చూస్తాను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

నాకు స్వారీ నేర్పిన దాదా, అంటే ఇక్కడి మాటలో అన్న, తోడు రావలసింది, కామెర్లొచ్చి మంచమెక్కాడు. అందుకని గుర్రాన్ని నడిపించుకుంటూ నేనొక్కదాన్నే పోటీ జరిగే మైదాన్‌కి బయల్దేరాను. దారిలో ముగ్గురు పెళ్ళి ఎక్కడని అడిగారు. ఒకాయన పెళ్ళికొడుకు ఏడని అడిగాడు. వాడే పెళ్ళికొడుకని చెప్పి ముందుకు నడిచాను.

డ్రెసాజ్ అంటే తాడు కట్టిన బరిలో గుర్రం చెప్పినచోట నడవాలి, చెప్పినచోట పరుగందుకోవాలి, చెప్పినచోట ఆగాలి. అదంతా తనంతట తనే చేస్తున్నట్టు కనబడాలి. మా వంతుకి ముందు నిర్వాహకుడు మైకులో మూడు భాషల్లో చెప్పాడు. గుర్రంతో నోరెత్తి మాట్లాడితే పోటీ నుంచి అవుటు. కదలకుండా నిలబడిపోతే గంట కొడతారు, అదీ అవుటే.

నాకేం భయం వేయలేదు. నేను గుర్రంతో మాట్లాడనని నా నమ్మకం. "నోరు మూసుకుని స్వారీ చెయ్యమ్మా" అని దాదా రోజూ గొణిగేవాడు. అది నేను శాలలో అందరితో పెట్టుకునే తగాదాల గురించి అనుకునేదాన్ని.

జీనెక్కి బరి మధ్యకి వెళ్ళి ఆగాం. న్యాయనిర్ణేతకి నమస్కారం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్న బెంగాలీ పెద్దావిడ. తరువాత కాళ్ళతో మెల్లగా నొక్కాను. మా వాడు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను. ఒక చెవి వెనక్కి తిప్పి నా వైపు పెట్టాడు. అప్పుడు వెలిగింది నాకు. వీడు తిట్టు కోసం ఎదురు చూస్తున్నాడు! "ఏట్రా, రాయిలా నిలబడ్డావు, నడు" అననిదే వాడు ఏనాడూ అడుగు వేయలేదు. వాడికి నేర్పిన డ్రెసాజ్ అంతా నా నోట్లోనే ఉంది.

నోరు తెరిస్తే పోయాడు, తెరవకపోతే పోయాడు. న్యాయనిర్ణేత చెయ్యి గంట వైపు వెళ్తోంది. ఏడుపొచ్చింది నాకు.

సరిగ్గా అప్పుడు తాడు అవతల నుంచి తెలుగు వినబడింది. "గుర్రాన్ని ఎప్పుడూ చూడనట్టు ఏంటలా నిలబడిపోయారు? నడవండి!"

మా వాడు గబుక్కున నడిచాడు.

మైదాన్‌లో ఉదయపు నడకకి వచ్చిన జంట. ఏదో బ్యాంకు ఆఫీసర్‌లా ఉన్నాడాయన, ఫోనుతో మమ్మల్ని వీడియో తీస్తున్నాడు. ఆవిడకి ఆకలేస్తోంది, పూరీల కొట్టు మూసేస్తారని గోల పెడుతోంది. ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. మూల దగ్గర మా వాడూ ఆగాడు. "మళ్ళీ ఆగారేం? మీతో చస్తున్నాను, కదలండి!" మా వాడు పరుగందుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి అండీ అన్నవాళ్ళు లేరు, ఆ మర్యాదకి మెడ కూడా వంచాడు. న్యాయనిర్ణేత తల ఊపింది. నేను లోపల్లోపల ఆ తల్లికి దండాలు పెట్టుకున్నాను.

ఇంకొక్క మలుపు తిరిగి, మధ్యకి వచ్చి ఆగితే అయిపోయేది. కానీ ఆవిడ విసుగెత్తి, "మీ ఇష్టం" అని దూరంగా వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఆయన ఆగిపోయాడు. మా వాడూ ఆగిపోయాడు. మళ్ళీ చెవి వెనక్కి పెట్టాడు.

న్యాయనిర్ణేత గంట చేతిలోకి తీసుకుంది. వెండిరేకుల బండి కళ్ళ ముందు కనబడింది నాకు. మాట్లాడకూడదన్నది గుర్రంతో గదా! ఆయన వైపు తిరిగాను.

"ఏటండీ, ఆవిడ అప్పట్నుంచీ సెప్తంటే ఇనపడ్డం లేదా? కాళ్ళు పడిపోనాయా? నడు!"

ఆఖరి మాట ఎవరినన్నానో నాకే తెలీదు. ఇద్దరూ నడిచారు. తాడుకి ఆ పక్క ఆయన, ఈ పక్క మా వాడు, పక్కపక్కనే మలుపు తిరిగారు. "చాల్లెండి, ఆగండి" అన్నాను. ఇద్దరూ ఆగారు. నమస్కారం పెట్టాను.

న్యాయనిర్ణేత లేచి వచ్చింది. ఎవరితో మాట్లాడావని నన్ను బెంగాలీలో అడిగింది. ఆయన్ని చూపించాను. ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆయన ముక్కూమొహం నాకు తెలీదు. నేను తిట్టింది ఎందుకో ఆయనకి అర్థమైందో లేదో తెలీదు. ఒక్క మాటలో మా వాణ్ణి బండికి కట్టించగలడు.

ఆయన మా వాడి మొహం మీద కారిన కాటుకని కాసేపు చూశాడు. "ఆమాకే బొలేఛేన్," అన్నాడు, నన్నే అన్నారని.

"ఈ అమ్మాయి మిమ్మల్ని ఎందుకు తిడుతుంది?" అని అడిగిందావిడ.

"నిలబడిపోయాను కదండీ. అందరూ తిడతారు."

న్యాయనిర్ణేత వెనక్కి వెళ్ళి గంట బల్ల మీద పెట్టేసింది. మాకు బహుమతేమీ రాలేదు, మమ్మల్ని గెంటేయనూ లేదు. కిందికి దిగి ఫోన్ చేస్తే యజమాని ఒక నిమిషం ఆలోచించి, సరే ఉండనీ అన్నాడు. మా వాడి మెడ కావలించుకుని ఏడ్చాను, కాటుకంతా నా చొక్కాకి అంటుకుంది.

కళ్ళు తుడుచుకుని చూస్తే, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఎదురుగా భార్య. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడది తన మొగుణ్ణి తిట్టడం, ఆయన బుద్ధిగా నడవడం బెంచీ మీంచి చూసేసింది గామోసు, ఒక్క మాట అనడం లేదు. ఆయన ఆవిడ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. నాకోసం అబద్ధమాడిన మనిషి, నా మూలాన అలా అయిపోయాడు.

ఆఖరికి ఆవిడ కొంగు దోపుకుంది.

"ఏంటింకా నిలబడ్డారు? నడవండి!"

ఆయన మొహం విచ్చుకుంది. మా వాడు, కళ్ళెం పట్టుకున్న నన్ను కూడా లాక్కుంటూ, ఆయన వెనకే పూరీల కొట్టు వైపు బయల్దేరాడు.