నంద్యాలా, ఆళ్లగడ్డా? కృత్రిమ కాళ్ల కేంద్రానికి చోటు వెతికిన రోజు

ప్రమాదాల్లో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లకు కొలత తీసి, కృత్రిమ అవయవం అమర్చి, అది అరిగినా విరిగినా బాగుచేసి ఇచ్చే ప్రభుత్వ సంస్థ మాది. నాకూ ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. మొదట కాలి కోసం వచ్చి, తర్వాత ఉద్యోగంలో చేరాను. ఇన్నాళ్లూ ఈ చుట్టుపక్కల అందరూ కర్నూలుకే రావాల్సి వచ్చేది. ఇప్పుడు కొత్తగా ఇంకో ప్రాంతీయ కార్యాలయం మంజూరైంది. నంద్యాలలో ఒక భవనాన్ని, ఆళ్లగడ్డలో ఒకదాన్ని ఫొటోల్లో చూసి మా పై అధికారి ఫోన్ చేశారు. "వెళ్లి చూసి, రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చు. ఆలస్యమైతే వేరే జిల్లాకు ఇచ్చేస్తారు," అన్నారు. ఆ మాట విన్నాక నాకు కుదురు లేదు. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, తెల్లారకముందే తయారై వరండాలో అటూ ఇటూ తిరిగాను. కృత్రిమ కాలితో ఈ వైపు ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

కర్నూలు నుంచి నంద్యాలకు నేరుగా వెళ్తే కారులో గంటన్నర. నేను మాత్రం బేతంచెర్ల మీదుగా పోదామని డ్రైవర్ మస్తాన్‌కు చెప్పాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కాళ్లు అక్కడి నాపరాళ్ల కింద నలిగినవే. సువార్తమ్మ కాలు కూడా అంతే. పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఎత్తే పని చేసేటప్పుడు ఒకటి జారి మీద పడింది. యాభై దాటిన మనిషి. మేం ఇచ్చిన కాలికి పాదం విరిగి నెలలైనా కర్నూలుకు రాలేక, ఊతకర్రతో నెట్టుకొస్తోంది. మాతో వచ్చి, రెండు చోట్లా తనే నడిచి చూసి చెప్పమని ముందురోజే ఫోన్ చేసి అడిగాను. మేం వెళ్లేసరికి విరిగిన కృత్రిమ కాలిని సిమెంటు సంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

"నేను చెప్తే ఇంటారా? ఇనేట్లుంటేనే వస్తా. ల్యాకపోతే ఈడే కూచుంటా," అంది.

"వింటానక్కా," అన్నాను. అన్నానే గానీ, పైవాళ్లు నా మాట వింటారో లేదో నాకే తెలియదు.

నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, ముగ్గురికీ కడుపు నిండింది. భవనం ఊరి చివర బైపాస్ పక్కన ఉంది. బస్టాండు నుంచి ఆటోవాళ్లు వంద అడుగుతున్నారని మస్తాన్ కనుక్కుని వచ్చాడు. నాలుగంతస్తులు, ముందంతా అద్దాలు. యజమాని చాలా మర్యాదస్తుడు. పైఅంతస్తు మాకోసం ఖాళీగా ఉంచానని, కొత్త లిఫ్ట్ పెట్టించానని చెప్పాడు. లిఫ్ట్ నిజంగానే బాగుంది. అయితే దాని దగ్గరికి వెళ్లాలంటే ముందు ఎత్తైన మెట్లు ఎక్కాలి. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. సువార్తమ్మ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"లిఫ్టు పైనుండాది, నేను కిందుండా. మా ఇద్దర్నీ ఎవురు కలుపుతారప్పా?"

యజమాని నొచ్చుకున్నాడు. మోటార్ సైకిళ్లు ఎక్కించే సిమెంటు వాలు చూపించాడు. నేను దాని మీద నడవబోయి, సగంలో గోడ పట్టుకుని నిలబడిపోయాను. వెనక్కి దిగడానికి మస్తాన్ చెయ్యి అందించాల్సి వచ్చింది.

శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంటలోపే చేరాం. రోడ్డు పక్కన షెడ్లలో శిల్పులు రాయి చెక్కుతున్నారు, తెల్లటి దుమ్ము ఆకుల మీద పేరుకుని ఉంది. ఆగి చూడాల్సిన చోటే, కానీ నాకు ఆగే మనసు లేదు. మేం చూడాల్సిన భవనం ఒక ఎరువుల వ్యాపారిది. అందరూ శెట్టి గారు అంటారు. ఆయన పాత గోడౌను బస్టాండుకు దగ్గర్లో, నేలకు సమంగా, లారీ పట్టేంత తలుపుతో ఉంది. సువార్తమ్మ ఆ చివరి నుంచి ఈ చివరికి ఆగకుండా నడిచింది. నేనూ నడిచాను. లోపల గోడ పక్కన కొలత గది, కిటికీ దగ్గర మరమ్మతుల బల్ల ఎక్కడ పెట్టాలో అప్పుడే నా కళ్లకు కనిపించింది.

"ముందు తినండమ్మా. బిల్డింగు యాడికీ పోదు," అని శెట్టి గారు ఇంటికి పిలిచారు. జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి పెట్టారు. ఆయన భార్య గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది, లేవలేదు.

"షుగరుతో పోయినేడు పాదం తీసేసినారు," అన్నారాయన గొంతు తగ్గించి. "అప్పట్నించి ఆమె గడప దాటలా. ఆఫీసు ఈడొస్తే ఊళ్లోనే గదా అనైనా బయటికొస్తాదేమో. బాడుగ మీరెంతంటే అంతే."

నేను ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఆళ్లగడ్డే అని పై అధికారికి చెప్పేస్తే ఇక పని అయిపోయినట్టే. ఎందుకో ఒక్కసారి సువార్తమ్మ వైపు చూశాను.

"ఈడ బాగుంది. అయితే నేను ఈడికి యట్ల రావాల?" అందామె.

ఆ ప్రశ్నకు కారులో కూర్చుని జవాబు చెప్పలేననిపించింది. మస్తాన్‌ను కారు తీసుకుని నంద్యాల వెళ్లి ఉండమన్నాను.

"కారు పెట్టుకోని బస్సెందుకు మేడమ్?"

"రేపు ఆఫీసుకొచ్చే వాళ్లకోసం నువ్వు రావు కదన్నా."

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులు బాగానే ఉన్నాయి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. కానీ మొదటి మెట్టు నా మోకాలి ఎత్తున ఉంది. కండక్టర్ సువార్తమ్మ ఊతకర్ర అందుకుంటే, నేను కమ్మీ పట్టుకుని ఒళ్లు పైకి లాక్కున్నాను. సీటు దొరకలేదు. శిరివెళ్ల దాకా నిలబడే వెళ్లాం. నంద్యాల బస్టాండులో బేతంచెర్ల బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. తర్వాతి దానికి గంట పైనే పడుతుందట. బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. మోకాలి కింద మిగిలిన కాలి చివర మంట మొదలై, కాసేపటికి దానికి తొడిగిన సాక్సు తడిగా తగిలింది. చర్మం చిట్లి నెత్తురు వస్తోందని తెలిసింది. అప్పుడే పై అధికారి ఫోన్. "తేలిందా?" "ఇంకొంచెం సేపు సార్," అన్నాను. ఫోన్ పెట్టేసి, నిలబడలేక స్తంభానికి ఆనుకున్నాను.

నలుగురిలో నేనెప్పుడూ కాలు తీయలేదు. ఆఫీసులో కూడా తలుపు వేసుకునే తీస్తాను. సువార్తమ్మ నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఓ అప్పా, జరుగు," అని బెంచీ మీదున్న ఒకాయన్ని లేపి నన్ను కూర్చోబెట్టింది. "తీసెయ్యమ్మా. ఎవుర్ని జూసి సిగ్గుపడ్తాండావ్? వాళ్లెవురూ నీ కాలుకు మందు పుయ్యరు."

తీసేశాను. కొందరు చూశారు, ఒక పాప వేలు పెట్టి చూపించింది, తర్వాత ఎవరి ఫోన్లలో వాళ్లు పడ్డారు. సువార్తమ్మ నా పక్కన కూర్చుని, "ఇప్పుడు మనిద్దరికీ కలిపి రెండు కాళ్లు," అంది. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

ఆ బెంచీ మీదే నాకు విషయం తేలిపోయింది. ఆళ్లగడ్డలో పెడితే బేతంచెర్లవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఇలా బస్సు మారాలి. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా వాళ్లే. నంద్యాలైతే వాళ్లకు ఒకే బస్సు, రైలు కూడా ఉంది. కాబట్టి నంద్యాలే, కానీ ఆ అద్దాల భవనం కాదు. సువార్తమ్మ ఇచ్చిన తువ్వాలు ముక్క మడిచి పెట్టుకుని, కాలు మళ్లీ తొడుక్కుని, టీ కొట్టులో అడిగి, బస్టాండు వెనక సందుల్లో నెమ్మదిగా వెతికాం. చివరికి మూసేసిన బట్టల కొట్టు ఒకటి దొరికింది. వాకిట్లో ఒకటే చిన్న గడప. స్థలం మాకు కావాల్సిన దాంట్లో సగమే, జీపు ఆపడానికి చోటు లేదు. అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"అంత ఇరుకులోనా? వచ్చినవాళ్లకు ఆఫీసులా కనిపించాలి కదమ్మా," అన్నారు పై అధికారి.

"వాళ్లు లోపలికి రాగలిగితే చాలు సార్."

"సరే, రాసి పంపు. కారణం గట్టిగా రాయి," అన్నారు.

శెట్టి గారికి చెప్పడం అంతకంటే కష్టమైంది. "మంచిదమ్మా," అని ఆయన ఫోన్ పెట్టేశారు. బేతంచెర్ల బస్సులో సువార్తమ్మను మస్తాన్ ఎక్కించాడు. కార్లో దింపుతామన్నా ఆమె వినలేదు. బస్సు ఎంతసేపు పడుతుందో తనే చూసి చెప్తానంది.

కొన్ని నెలలకు ఆఫీసు తెరిచాం. మొదటి వారంలోనే సువార్తమ్మ కొత్త పాదంతో సందు చివరిదాకా నడిచి వెళ్లింది. తర్వాత ఒకరోజు శెట్టి గారు భార్యను కార్లో తీసుకొచ్చారు. నాతో పెద్దగా మాట్లాడలేదు గానీ, కొలత తీస్తున్నంతసేపూ ఆమె చెయ్యి వదల్లేదు. అదే రోజు కొలిమిగుండ్ల నుంచి ఒక రైతు వచ్చాడు. తెల్లవారుజామునే బయలుదేరి, రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికి మా గడప దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"ఇంకొంచెం దగ్గర్లో యాడా దొరకలేదా మేడమ్?" అని అడిగాడు.

నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, కొలత తీసుకున్నాను.

ఎక్కడ ఆఫీసు పెట్టినా అది ఎవరో ఒకరికి దూరమే అవుతుంది. బేతంచెర్ల వాళ్లకు మేలు చేశానన్న తృప్తి, ఆ రైతు మొహం గుర్తొచ్చినప్పుడు నిలవదు. అవుకు, కొలిమిగుండ్ల వైపు నెలకోసారైనా మరమ్మతుల బండి పంపమని పైకి రాశాను. ఇంకా ఏమీ చెప్పలేదు, మళ్లీ రాస్తాను.

మీరూ కృత్రిమ కాలితో ఈ దారిలో వెళ్తుంటే ఒక మాట. పొద్దున బిగుతుగా ఉన్న కాలు ఎండలో గంటలు గడిచేకొద్దీ వదులై చర్మాన్ని రాస్తుంది. సంచిలో శుభ్రమైన సాక్సులు రెండు ఎక్కువ పెట్టుకోండి. వదులనిపించిన వెంటనే, అది బస్టాండైనా సరే, కూర్చుని, కాలు తీసి, బిగుతు కోసం ఇంకో సాక్సు తొడుక్కోండి.