మా బావకు నేను తెచ్చిపెట్టిన జలగండం

ఫోన్లకు ఇంకా మీటలుండే ఆ రోజుల్లో నాకు ఎక్కడ ఏం చూసినా వీడియో గేములాగే కనిపించాలని ఉండేది, కనిపించేది కాదు. హైదరాబాదులో రెండు గదుల ఆఫీసు, నలుగురు మనుషులు, ఒక టేబుల్ ఫ్యాను. మేం చేసినవన్నీ కారు గేములే (కారు రంగు మార్చితే కొత్త గేము అనేవాళ్లం). ఒకరోజు మా బాసు, "పదిహేను రోజులు టైమిస్తున్నా. ఎవరూ చూడని ఐడియాతో రా. లేకపోతే రాకు" అన్నాడు. ఐడియాలు ఎక్కడ దొరుకుతాయో తెలియక గోదావరి జిల్లాలో కొత్తపేట దగ్గర మా మేనమామ ఊరికి బస్సెక్కాను. ఆ తర్వాత జరిగినదాని గురించి మా బంధువుల్లో ఒక తప్పుడు కథ ఇప్పటికీ నడుస్తోంది. పుట్టించింది నేనే కాబట్టి సరిచేయవలసిందీ నేనే.

మేనమామ కొడుకు, మా బావ, అప్పటికి పెళ్లీడు మనిషి. భుజాన అరటిగెల పెట్టుకుని, గట్టు మీద గేదెల్ని తప్పించుకుంటూ, కాలువ మీద వేసిన కొబ్బరి దుంగ మీంచి వీధిలో నడిచినట్టు నడిచి వచ్చేవాడు. అది చూడగానే గేము దొరికింది. హీరో మా బావే. నిజానికి ఆయన వరద గోదావరిలో కొట్టుకొచ్చే కొబ్బరికాయల్ని ఈదుకెళ్లి పట్టుకొచ్చే మనిషి. ఆ మాటే బాసుకి ఫోన్లో చెబితే, "ఈత బొమ్మలు వెయ్యాలంటే నెల పడుతుంది. నీళ్లలో పడితే చంపెయ్" అన్నాడు. చంపేశాను.

సరిగ్గా ఆ వారమే రాయవరం నుంచి పెళ్లివారు వచ్చారు. అమ్మాయి ఫొటో చూసిన దగ్గర్నుంచి బావ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. అమ్మాయి తాతగారు అరుగు మీద కూర్చుని, పక్కనే పడి ఉన్న నా నోట్‌బుక్కు తెరిచి, కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు. "బావ. ప్రాణములు మూడు. గేదె పొడిచిన ఒకటి పోవును. బొండము తాగిన తిరిగి వచ్చును. నీళ్లలో పడిన అన్నియు పోవును." (గంభీరంగా ఉంటుందని గ్రాంథికంలో రాసుకున్నాను.)

"ఇది రాసిందెవరండి?"

"మా మేనల్లుడండి. హైదరాబాదులో పనంతా కంప్యూటర్ మీదేనండి" అంది అత్తయ్య. నేను బ్యాంకులకు పనిచేస్తున్నానని ఆవిడ నమ్మకం (ఇరవై ఆరేళ్లవాడు ఆటలు చేసి బతుకుతున్నాడని ఎలా చెప్పను?).

కంప్యూటర్ జాతకాలు గొప్పగా చలామణీ అవుతున్న కాలం. మనిషి గుణిస్తే తప్పు రావచ్చు గానీ కంప్యూటర్ గుణిస్తే రాదని పెద్దల లెక్క. తాతగారు నావైపు తిరిగారు.

"కంప్యూటర్లో వేసిందేనా బాబూ?"

"ఆయ్."

"గేదె సంగతి సరే, బొండంతో పోద్ది. నీళ్లకి పరిహారం లేదా?"

"పెట్టలేదండి."

"పెట్టలేదంటే?"

"అంటే... లేదండి."

బావ గుమ్మంలోంచి నా మొహమే చూస్తున్నాడు. 'ఇది ఆటండీ' అంటే సరిపోయేది. అత్తయ్య ముందు నా బ్యాంకు పరువు పోతుందని అనలేదు.

పెళ్లివారు పూతరేకులు తిని వెళ్లి, నాలుగో రోజున కబురు చేశారు. "అబ్బాయి బంగారమండి. గండమొక్కటే భయంగా ఉందండి." రెండు వైపులా గోదావరి, మూడో వైపు సముద్రం, మధ్యలో ఇంటికో కాలువ ఉన్నచోట జలగండం ఉన్న పెళ్లికొడుకుని ఎవరు చేసుకుంటారు? అత్తయ్య బావని నూతి దగ్గరికి కూడా ఒంటరిగా పంపడం మానేసింది. బావ మళ్లీ గడ్డం పెంచాడు. నేను తిరిగి వెళితే బాసు మళ్లీ కారు గేమే చేద్దామన్నాడు.

మరో రెండు సంబంధాలు గండం దగ్గరే ఆగిపోయాయి. చివరికి అంతర్వేది వైపు పెద్దాయన ఒకరు అంతా విని, "మా అమ్మాయికి ఈతొచ్చండి. ఇబ్బంది లేదు" అన్నారు. పెళ్లయిపోయింది.

మొన్న వేసవిలో ఆ ఊరెళ్లినప్పుడు, రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఎదురుచూస్తూ, అక్క (బావ భార్యని అలాగే పిలుస్తాను) కాస్త దూరంలో ఉండగా బావకి నిజం చెప్పేశాను. బావ అక్క వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికైనా చెప్పేవేంట్రా?"

"లేదు బావా. క్షమించు. ఇప్పుడే అక్కకీ చెప్పేస్తాను."

"నోర్ముయ్. పద్దెనిమిదేళ్ల నుంచి పంటెక్కితే చాలు, ఒడ్డు చేరేదాకా మీ అక్క నా చెయ్యి వదల్దు. ఇప్పుడు చెప్పి చెడగొట్టకు."

(ఇందులో ఎవరి పేర్లూ రాయకపోవడానికి కారణం అదే.)

పంటు వచ్చింది. ఎక్కగానే అక్క బావ కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని, "చూస్తూ నిలబడ్డావేంటి తమ్ముడూ, అటుపక్క నువ్వు పట్టుకో" అంది. నాకు ఈత రాదు. ఆ మాట చెప్పే ధైర్యమూ లేదు. నలభై ఆరేళ్ల వయసులో, అవతలి ఒడ్డు వచ్చేదాకా, గోదావరిని ఈదగల మనిషి మునిగిపోకుండా ఎడమచెయ్యి పట్టుకుని నిలబడ్డాను.