డేగల గోలుకి నేను తీసిన దిష్టి

కువైట్‌లో ఒక ఐస్ హాకీ మ్యాచ్‌ని నేను ఒక్కదాన్నే ఆపేశాను. కర్ర పట్టలేదు, మంచు మీద పరుగెత్తలేదు, ఎవర్నీ తొయ్యలేదు. గుప్పెడు ఉప్పు సరిపోయింది. తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెప్పేస్తాను. ఎలాగూ సాల్మియాలో సగంమంది తెలుగువాళ్ళకి ఈ సంగతి తెలుసు. వాళ్ళు చెప్పుకునే కథలో ఆ గుప్పెడు ఉప్పు ఇప్పటికి బస్తా అయింది. కనీసం కొలతైనా సరిచెయ్యాలి కదా!

యాభై డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో ఐస్ హాకీ ఏమిటని అడక్కండి. మొదట మేం వెళ్ళింది ఆట కోసం కాదు, చల్లదనం కోసం. జులైలో నాలుగేళ్ళ పిల్లని పార్కుకి తీసుకెళ్తే వేయించిన అప్పడంలా తిరిగొస్తుంది. అందుకని మా ఆద్యని ఐస్ రింకులో పిల్లల స్కేటింగ్ క్లాసులో చేర్చాం. క్లాసులో పిల్లలున్న కుటుంబాలకి శుక్రవారం మ్యాచ్‌కి టికెట్లు ఉచితం. స్వెట్టర్లు వేసుకుని, ఫ్లాస్కులో టీ, డబ్బాలో చేగోడీలు పెట్టుకుని ఒక వరసంతా తెలుగువాళ్ళమే కూర్చునేవాళ్ళం.

ఆ టీమ్ పేరు 'ఎడారి డేగలు'. జీతాలు తీసుకుని ఆడే అసలు సిసలు ఆటగాళ్ళు. అయితే ఆ డేగలు ఎగరడం నేను చూడలేదు. నేను చూసినంతకాలం గోడలకి గుద్దుకుంటూనే ఉండేవి. ఆ ఏడాది వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడిపోయారు. ఎదుటివాళ్ళు కర్రతో అలా తాకిస్తే చాలు, ఆ నల్లటి రబ్బరు బిళ్ళ సొంతింటికి వచ్చినట్టు మా గోల్‌లోకి వచ్చేసేది.

నాది మామూలుగానే బెంగపడే ఒళ్ళు. పిల్ల తుమ్మితే నాకు నిమోనియా కనిపిస్తుంది. ఆయన రెండుసార్లు ఫోనెత్తకపోతే ఆస్పత్రుల నంబర్లు వెతుకుతాను. అలాంటిదానికి ఓడిపోయే టీమ్ దొరికితే చెప్పాలా? గురువారం మధ్యాహ్నం నుంచే గడియారం చూసుకుంటూ ఇల్లంతా తిరిగేదాన్ని. "వాళ్ళ అమ్మలు కూడా నీ అంత బెంగపడటం లేదు సుధా!" అనేవారు మావారు రవి.

ఎనిమిదో మ్యాచ్ ఓడినరోజు అసలు బెంగ మొదలైంది. రింకులో మంచుని నున్నగా చేసే బండి నడిపేది అమలాపురం దగ్గరి సత్తిబాబు. షువైఖ్‌లో గ్యారేజీ మెకానిక్‌గా పదేళ్ళు చేసి ఈ పనికొచ్చాడు. ఆ బండి మంచు మీద పొర గీకి, మళ్ళీ పల్చగా నీళ్ళు పోస్తూ పోతుంది. ఆ నీళ్ళు గడ్డకట్టి అద్దంలా తయారవుతాయి. పొలంలో ట్రాక్టరు నడిపినంత ధీమాగా నడిపేవాడు. ఆ రోజు మాత్రం బండి ఆపి మా వరస దగ్గరికి వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చే శుక్రారం కూడా ఓడిపోతే ఖలాసంటండి మేడమ్ గారూ. ఓనరు గారు టీమ్ మూసేత్తారంట."

"అయ్యో! మరి మీ పని?"

"టీమ్ లేపోతే ఈ బండి దేనికండి? బండి లేపోతే నేను దేనికండి? నేనిక్కడుండటానికిచ్చిన ఇఖామా టీమ్ పేరు మీదే ఉందండి. అది రద్దయితే నెల తిరక్కుండా ఊరెళ్ళిపోవాలండి. పెద్దదానికి నర్సింగు ఇంకా రెండేళ్ళుంది." అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు నాలుగు రోజులు సరిగ్గా నిద్రపట్టలేదు.

మా వరసలో నాకన్నా ఎక్కువ కుమిలిపోయేది ఒక్క వరలక్ష్మక్కే. రుమైథియాలో ఒక విల్లాలో పదహారేళ్ళుగా వంట చేస్తోంది. ఆ ఇంటి చిన్నబ్బాయి యూసుఫే మా గోల్‌కీపరు. గురువారం తనే ఫోన్ చేసింది.

"నా చేతుల మీద పెరిగిన పిల్లోడమ్మా. ఓడిన్రోజు అన్నం ముట్టడు. మా మామా కూడా ఏడుత్తంది." యజమానురాలిని, పిల్లలున్న ఆడవాళ్ళని ఇక్కడ అందరూ 'మామా' అనే అంటారు. "ఇది ఆట రాక కాదమ్మా. ఎవరి కళ్ళో పడ్డాయి. పిల్లోడి మీద కాదు, ఆ గోలు మీద పడ్డాయి. లేపోతే బిళ్ళలన్నీ తిన్నగా అందులోకే ఎందుకెళ్తాయి చెప్పు?"

చదువుకున్నదాన్ని కదా, నేను ఖండించాలి. "నిజమే అక్కా!" అన్నాను.

"రేపు నేను మ్యాచ్ టయానికి గానీ రాలేను. వంటుంది. నువ్వు పాపని క్లాసుకి తీసుకెళ్తావు గదా, ఆ గోలుకి దిష్టి తీసెయ్. గుప్పెడు కళ్ళుప్పు, ఏడు ఎండుమిరపకాయలు. మూడుసార్లు తిప్పి మిరపకాయలు నిప్పుల్లో వేసెయ్."

"నిప్పులా? అక్కడ అగ్గిపుల్ల గీస్తే అలారం మోగుతుంది అక్కా."

"అయితే అయ్యి ఇంటికి తెచ్చి స్టవ్ మీద వేసుకో. ఉప్పు మటుకు అక్కడే నీళ్ళలో కలిపెయ్. ఉప్పు కరిగినట్టు దిష్టి కరిగిపోద్ది. తీసేప్పుడు నోరు మెదపకూడదు. పారేశాక వెనక్కి తిరిగి చూడకూడదు. గుర్తెట్టుకో!"

శుక్రవారం పిల్లల క్లాసు అయిపోయింది. సత్తిబాబు మ్యాచ్ కోసం మంచు నున్నగా చేసేశాడు. మ్యాచ్‌కి ఇంకా అరగంటుంది. మేనేజర్ అబూ నాసర్ లోపల గదిలో ఆటగాళ్ళకి ధైర్యం నూరిపోస్తున్నాడు. ఆద్యని రవికి అప్పజెప్పి, "బాత్రూమ్‌కి వెళ్ళొస్తా" అని అబద్ధమాడి, మంచు మీదకి వెళ్ళే గేటు తాళం తియ్యమని ముందే బతిమాలిన సత్తిబాబు దగ్గరికి పరుగెత్తాను.

"అయిదంటే అయిదే నిమిషాలండి. దిష్టి తియ్యడమే కదండి?"

"అంతే. మీరు అటు తిరగండి. చూడకూడదు."

"ఆయ్!" అని సత్తిబాబు బుద్ధిగా గోడవైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. తీసిన ఉప్పు నేను బయటికి తెచ్చి పారేస్తానని ఆ అమాయకుడి నమ్మకం. ఉప్పెక్కడ కలపాలో అతన్ని అడుగుదామంటే, దిష్టి తీసేప్పుడు నాది మౌనవ్రతం.

కొత్తగా నడక నేర్చిన బాతులా గోలు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒకసారి జారి నెట్‌ని కౌగిలించుకున్నాను. తిప్పడం అయింది. మిరపకాయలు హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఉప్పు నీళ్ళలో కలపాలి. నీళ్ళెక్కడ? చుట్టూ చూశాను. అప్పుడు నా బుర్రలో ఒక దీపం వెలిగింది. అది వెలక్కుండా ఉంటే ఎంత బాగుండేది! మంచంటే నీళ్ళు కాక మరేమిటి? ఇంత నీళ్ళ మీద నిలబడి నీళ్ళెక్కడ అని వెతకడమేమిటి? గోలు ముందర, విత్తనాలు చల్లినట్టు, ఉప్పంతా చల్లేశాను. తెల్లటి మంచు మీద తెల్లటి ఉప్పు. ఎవరికీ కనపడదు. నా తెలివికి నేనే మురిసిపోయి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

ఒక్కసారి చూసి ఉంటే ఆ మంచు నా వెనకాల ఎలా మెత్తబడిపోతోందో తెలిసేది. కానీ చూడకూడదు కదా!

మ్యాచ్ మొదలైంది. ఎదుటి టీమ్‌వాడు మా గోలు వైపు దూసుకొచ్చి బిళ్ళని బలంగా కొట్టాడు. అది వచ్చి వచ్చి, యూసుఫ్‌కి మూరెడు దూరంలో బురదలో పడ్డ బండిలా ఆగిపోయింది. ఇంకోటి కొట్టారు. అదీ ఆగింది. యూసుఫ్ తన కర్రని తనే అనుమానంగా చూసుకున్నాడు. ఈలోగా మావాళ్ళు అటు వెళ్ళి ఒక గోల్ వేసేశారు. ఆ ఏడాది మేం ఎవరికన్నా ముందుండటం అదే మొదటిసారి!

మా వరస లేచి గంతులేసింది. వరలక్ష్మక్క నా చెయ్యి పట్టుకుని, "తీశావా?" అంది.

"తీశాను!"

"నే చెప్పలా!"

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? వరస ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కొక్కరి చెవిలో, "నేనే... గోలుకి దిష్టి... నేనే..." అని ఊది వచ్చాను. ఒకావిడ నా బుగ్గలు పుణికింది. ఒకాయన సగం చేగోడీలు నాకిచ్చేశాడు. ఒక్క రవి మాత్రం, "బాత్రూమ్‌కని కదా వెళ్ళావు?" అన్నారు.

మొదటి భాగం అయింది. సత్తిబాబు బండి దింపాడు. ఒక చుట్టు తిరిగాడు, రెండు చుట్లు తిరిగాడు, దిగాడు, మా గోలు ముందు వంగి చూశాడు. తర్వాత మా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీళ్ళు గడ్డకట్టట్లేదండి మేడమ్ గారూ. రింకంతా కడుతున్నాయి, అక్కడొక్కచోటే కట్టట్లేదు. కిందున్న పైపులు పోయాయేమోనండి. అయ్యి పోతే ఓనరు గారు మళ్ళీ వేయించరు. ఇయ్యాళే ఖలాస్."

ఇక్కడ మీ దగ్గర ఇంతసేపూ దాచిన సంగతొకటి చెప్పాలి. నేను చదివింది ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ. ఉప్పు కలిస్తే నీళ్ళు గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చల్లదనం కావాలని, అందుకే ఉప్పు పడ్డ మంచు కరుగుతుందని, బొమ్మ గీసి, గీతలు గీసి, పది మార్కులకి పది తెచ్చుకున్నదాన్ని. పెళ్ళికి ముందు ఇరవైమంది పిల్లలకి అదే పాఠం ట్యూషన్ చెప్పినదాన్ని. ఆ పాఠమంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది.

అప్పుడే చెప్పెయ్యాలి. చెప్పానా? "అవునా! అయ్యో!" అన్నాను.

రెండో భాగంలో టీమ్‌లు వైపులు మారతాయట. ఎనిమిది మ్యాచ్‌లు చూశాను, చేగోడీల మీద ధ్యాసలో ఆ సంగతే గమనించలేదు! ఇప్పుడు ఉప్పు పడ్డ గోలు ఎదుటివాళ్ళది. మావాళ్ళు కొట్టిన మూడు బిళ్ళలూ ఆ గోలు వాకిట్లోనే చతికిలబడ్డాయి. నాలుగోసారి మా కెప్టెనే అక్కడ చతికిలబడ్డాడు. లేచేసరికి ప్యాంటు తడిసి నీళ్ళోడుతోంది. కెప్టెన్ అంటే ముప్ఫయ్యేళ్ళ ఆజానుబాహువు. స్టేడియం మొత్తం నవ్వింది.

రెఫరీ ఈల ఊదాడు. అబూ నాసర్ వచ్చి ఆ నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. "మిల్హ్!" అని అరిచాడు. అరబ్బీలో ఉప్పన్నమాట. అరబ్బీ రానివాళ్ళకి కూడా ఆయన మొహం చూస్తే అర్థమైపోయింది. తర్వాత నెట్ వెనకాల నుంచి ఎర్రటిదేదో పట్టుకుని పైకెత్తాడు. ఎండుమిరపకాయ.

నేను బ్యాగులో చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. ఆరు.

"సత్తి! యే క్యా హై? తుమ్ కియా?" అని అబూ నాసర్ హిందీలో గద్దించాడు.

"నహీ సాబ్."

"గేట్ చావీ కిస్‌కే పాస్ హై?"

"మేరే పాస్ సాబ్."

"తో ఔర్ కౌన్? ఖలాస్! కల్ సే మత్ ఆవ్!" గేటు తాళం నీ దగ్గరుంటే ఇంకెవరు చేస్తారు, రేపట్నించి రావద్దంటున్నాడు. నన్ను చూపించడానికి ఒక్క వేలు చాలు. సత్తిబాబు వేలెత్తలేదు. కనీసం మా వరస వైపైనా చూడలేదు. తల దించుకుని నిలబడ్డాడు.

మరి నేనేం చేస్తున్నాను? వంగి ఆద్య బూట్ల లేసులు కడుతున్నాను. ఆద్య బూట్లకి లేసులుండవు, అంటించుకునే పట్టీలుంటాయి. వాటినే విప్పుతున్నాను, అంటిస్తున్నాను, విప్పుతున్నాను. ఆ చరచర చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఉప్పు చల్లినందుకు నవ్వుకోగలను గానీ, ఆ రెండు నిమిషాలకి మాత్రం నవ్వుకోలేకపోతున్నాను.

"సుధా," అన్నారు రవి మెల్లిగా, "మనం చేగోడీలే కదా తెచ్చుకున్నాం. నీ బ్యాగులో మిరపకాయలెందుకున్నాయి?"

లేచాను. నేను ఊది వచ్చిన చెవులన్నీ దాటుకుంటూ వరసంతా దాటి వెళ్ళాలి. ఇందాక బుగ్గలు పుణికినావిడ కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. చేగోడీల ఆయన నా వైపు చూడలేదు. మెట్లు దిగి, మంచు మీదకి వెళ్ళి, మళ్ళీ ఒకసారి జారి, అబూ నాసర్ చెయ్యి పట్టుకునే ఆగాను.

"సర్, సత్తిబాబు చెయ్యలేదు. నేను చేశాను."

ఆయన నన్నూ మిరపకాయనీ మార్చి మార్చి చూశాడు. "వై, మామా? మీకు మా టీమ్ అంటే కోపమా?"

"కాదు సర్! ప్రేమ! టీమ్‌కి దిష్టి తగిలిందని..." దిష్టికి ఇంగ్లీషు మాట తోచక కళ్ళు పెద్దవి చేసి, చేతులు తిప్పి చూపించాను.

"ఐన్?" అన్నాడు. వాళ్ళకీ దిష్టి ఉంది, పేరు వేరు. ఆయన మొహం కాస్త మెత్తబడింది. "మా అమ్మ కూడా తీస్తుంది. కానీ, మామా, మంచు మీద ఉప్పు వేస్తే కరుగుతుందని తెలియదా? మీరు చదువుకోలేదా?"

"చదువుకున్నాను సర్."

"ఏం చదివారు?"

మీరైతే ఏం చెప్పేవారు? నేను తెలుగు సాహిత్యం అని చెప్పబోయాను. వెనకాల నుంచి రవి, పూర్తి ఇంగ్లీషులో, గర్వంగా అందించారు: "మాస్టర్స్ ఇన్ కెమిస్ట్రీ."

మ్యాచ్ రద్దయింది. సత్తిబాబుకి పోయిన పని అక్కడికక్కడే తిరిగొచ్చింది. వచ్చి, ఆ సాయంత్రమంతా ఆ మంచు గడ్డపారతో తవ్వడం కూడా అతని పనే అయింది. క్షమించమని అడిగాను. "పర్లేదండి మేడమ్ గారూ. మా కోసమే కదండి చేశారు," అన్నాడు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాతి శుక్రవారం మ్యాచ్ మళ్ళీ పెట్టారు. మంచు అద్దంలా ఉంది. మావాళ్ళు ఆరు గోల్స్ తేడాతో, నా సాయమేమీ లేకుండా, సొంతంగా ఓడిపోయారు. అయిపోయిందనుకుని సత్తిబాబు పెట్టె కూడా సర్దుకున్నాడు. కానీ ఓనరు టీమ్ మూయలేదు. ఎందుకో వరలక్ష్మక్క వాళ్ళ మామా దగ్గర విని వచ్చి చెప్పింది. ఇక్కడ మగవాళ్ళంతా సాయంత్రాలు దివానియాలో చేరి కబుర్లు చెప్పుకుంటారు. ఆ ఓనరు ఏ దివానియాకి వెళ్ళినా ఒకటే మాటట. "ఏమయ్యా, ఇండియన్ ఆవిడ గుప్పెడు ఉప్పుకి భయపడి టీమ్ మూసేస్తున్నావట?" ఆయనకి పౌరుషం వచ్చి, మూసే ప్రసక్తే లేదు, ఇంకో ఏడాది నడుపుతానని అందరి ముందూ అనేశాడట. అంటే డేగలు బతికింది ఆట వల్ల కాదు, దిష్టి వల్లా కాదు, నా పరువు పోవడం వల్ల.

ఇక నా శిక్ష. అబూ నాసర్ నన్ను పిలిచి ఒక తెల్ల అట్టా మార్కర్ పెన్నూ చేతికిచ్చాడు. దాని మీద నాచేత రాయించినది ఇప్పుడు రింకు గేటుకి వేలాడుతోంది. "అరబ్బీలో, ఇంగ్లీషులో కూడా రాయించాలా సర్?" అని అడిగాను. "అక్కర్లేదు మామా," అన్నాడు. "ఈ పని ఇంకే భాషవాళ్ళూ చెయ్యరు." అందుచేత ఆ గేటుకున్న ఏకైక తెలుగు బోర్డు, గుండ్రటి నా చేతిరాతతో, 'మంచు మీద ఉప్పు చల్లరాదు' అని వచ్చేపోయేవాళ్ళందరికీ నన్ను పరిచయం చేస్తోంది.

కనుక, ఆ బోర్డు కింద నిలబడి, చదివిన రసాయన శాస్త్రం సాక్షిగా, విప్పి అంటించిన ఆ బూట్ల పట్టీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. డేగలు ఎన్ని గోల్స్ తిన్నా, ఎవరి కళ్ళు ఎంత ఎర్రగా పడ్డా, ఇకమీదట నేను టీమ్‌కి చేసే సాయం చప్పట్లు కొట్టడం వరకే. అవీ గ్లవ్స్ వేసుకుని, చేతుల్లో ఏమీ లేదని ముందుగా సత్తిబాబుకి చూపించి.