అక్క రంగు

అక్క ఫోటోల్లో ఒక్కటి కూడా అక్కలా ఉండేది కాదు.

అక్క నలుపు. ఇంటికొచ్చినవాళ్ళతో అమ్మ చామనఛాయ అని చెప్పేదిగానీ, నిజానికి నలుపే. వాన పడ్డ మర్నాటి రేగడి చేనులా నిగనిగలాడే నలుపు. పొన్నూరులో మేం చదువుకునే రోజుల్లో ఎప్పుడు స్టూడియోకి వెళ్ళినా అమ్మ ఫోటోగ్రాఫరు పక్కన నిలబడి, "పెద్దమ్మాయిది కాస్త తెల్లగా వచ్చేట్టు చూడు నాయనా" అనేది. ఆయన లైట్లన్నీ అక్క ముఖం మీదికి తిప్పేవాడు. పదో తరగతి ఫోటోలో అక్కని పౌడరు డబ్బాలో ముంచి తీసినట్టుంటుంది. పెళ్ళి ఆల్బంలో అయితే ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు.

"మీ బావ పక్కన ఈ అమ్మాయెవరే? నాకంటే బాగుంది గదా, ఈమెనే చేసుకోకపోయాడా" అని అక్క ఆ ఆల్బం తిరగేస్తూ నవ్వేది. నవ్వేదేగానీ, తనంతట తను ఎవరికీ దాన్ని చూపించేది కాదు.

అక్కని పర్చూరు దగ్గర ఒక పల్లెకిచ్చారు. బావకి మిరప, పత్తి సేద్యం. నేను పెళ్ళయి గుంటూరులో ఉంటూ ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. మా ఇంట్లో డిజిటల్ కెమెరా కొన్నది రెండువేల తర్వాత నాలుగైదేళ్ళకు. ఆ మార్చిలో కాయ కోతలు ముగిసేవేళ దాన్ని పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

అక్క కల్లంలో ఉంది. ఎకరం మేర ఎండబోసిన కాయలు. కంటికి ఎరుపు తప్ప ఇంకేమీ ఆనడం లేదు. కూలి ఆడవాళ్ళతో కలిసి రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూచుంది. ఒంటి మీద చీరాల నేత చీర, నెమలికంఠం రంగుది. అక్కకి పాప పుట్టినప్పుడు అమ్మ పెట్టింది. ఘాటుకి అడ్డంగా ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి నన్ను చూసి నవ్వింది. అప్పుడు తీశాను.

"రీలు వెయ్యక్కర్లేదంటగా? ఏదీ, చూడనీ." నడుం మీద చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా లేచి వచ్చింది. చెయ్యి గొడుగులా పట్టి కెమెరా వెనకున్న చిన్న తెరలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నేనేనే" అంది.

"మరెవరనుకున్నావు?"

"కాదే, నిజంగా నేనే. దీన్ని కడిగించవే, పెద్దది. గోడకి పెట్టుకుంటా."

తన ఫోటో తనకి కావాలని అక్క అడగడం నేను వినడం అదే మొదలు.

ఆ వానాకాలం అక్క కాళ్ళు వాచాయి. చేలో తిరిగీ తిరిగీ వచ్చిన వాపే అనుకున్నారు. ఆ తర్వాత ముఖం ఉబ్బింది, అన్నం సయించడం మానేసింది. గుంటూరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. మూత్రపిండాలు రెండూ పనిచెయ్యడం లేదని, ఇది ఇప్పటిది కాదని, ఎప్పటినుంచో లోపల్లోపల పాడవుతూ వచ్చిందని డాక్టరు చెప్పాడు. అమ్మా నేనూ వంతులవారీగా పక్కన కూచున్నాం. దసరాకి ముందే అక్క పోయింది. పాపకి అప్పుడప్పుడే మాటలు కూడుతున్నాయి.

పెద్దకర్మ నాటికి ఫోటో ఉండాలని బావ పెళ్ళి ఆల్బంలో ఒకటి తీసి చీరాలలో పెద్దది చేయించాడు. దాన్ని ఇంకాస్త తెల్లగా చేసిచ్చారు. పూలదండ వేసి, కుర్చీలో పెట్టి, దీపం వెలిగించారు. ఎవరో చుట్టాలావిడ పాపని ఎత్తుకుని, "అమ్మకి దండం పెట్టమ్మా" అంది. పాప దండం పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "అమ్మేదీ?" అని అడిగింది.

"అదేగా అమ్మ."

పాప మళ్ళీ ఫోటో చూసింది. తల అడ్డంగా ఊపింది.

బావ అక్కడే ఉన్నాడు. భోజనాలయ్యాక గొడ్లసావిడి దగ్గర నన్ను ఆపి, "కల్లంలో నువ్వు తీసిన ఫోటో ఉండాలిగా? దాన్ని కడిగించు. ఇది తీసేద్దాం. ఇది చూస్తే నాకే ఎవరో ఆడమనిషి ఇంట్లోకొచ్చి కూచున్నట్టుంది" అన్నాడు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఆ మాట కూడా గోడకేసి చూస్తూ అన్నాడు.

ఫోటో కంప్యూటర్లో ఉంది. సీడీలో ఎక్కించుకుని బ్రాడీపేటలో ఒక కలర్ ల్యాబ్‌లో ఇచ్చాను. సాయంత్రానికి పెద్ద సైజు ప్రింటు కవర్లో పెట్టి ఇచ్చారు. ఇంటికెళ్ళి అమ్మ ముందు తీశాను.

మిరపకాయలు ఎర్రగా లేవు. ఎండిన చింతతొక్కులా, గోధుమరంగుకి దిగిపోయాయి. నెమలికంఠం చీర ఏదో బూజుపట్టిన నీలం. అక్క ముఖం బూడిదరంగు. పెదాల్లో కూడా రక్తం లేదు.

అమ్మ ప్రింటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఆసుపత్రిలో చివర్లో ఇట్టాగే ఉందే" అంది.

"మెషీను తప్పమ్మా. కంప్యూటర్లో చూడు, ఎంత బాగుందో." చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తెర మీద చూపించాను. అందులో కాయలు ఎర్రగా ఉన్నాయి, అక్క నవ్వుతోంది. అమ్మ అదీ చూసింది, చేతిలో ఉన్నదీ చూసింది.

"అప్పటికే దాని ఒంట్లో బాలేదన్నాడుగా డాక్టరు. కల్లంలో ఎండా, ఆ కాయల ఎరుపూ మీద పడి మనకి కనపళ్ళేదేమో. ఎరుపు తీసేస్తే లోపల ఇట్టా ఉందేమో."

కాదని గట్టిగా చెప్పాలనుకున్నాను. కానీ నడుం మీద చెయ్యి ఆనించుకుని లేచిన అక్క గుర్తొచ్చింది. ఆ ప్రింటుని బీరువాలో చీరల అడుగున పెట్టేశాను. చింపడానికి చేతులు రాలేదు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళి రంగులు తప్పొచ్చాయని చెప్పాను. మెషీను ముందు కూచునే ఆయనకి నలభై ఏళ్ళుంటాయి. పెళ్ళిళ్ళ సీజను, చుట్టూ ఆల్బంల గుట్టలు. విసుగ్గానే సీడీ అందుకున్నాడు.

"ఒకే రంగు నిండా ఉంటే మెషీను అది తప్పనుకుంటదండి. ఎరుపెక్కువైందని అదే లాగేస్తది. దాంతోపాటు ముఖంలో ఉన్నదీ పోద్ది. ఆటో తీసేసి చేత్తో చేస్తాను, రేపు రండి."

రెండోసారి కాయలు బాగానే వచ్చాయి. అక్క మాత్రం తెల్లబడింది. మళ్ళీ ఆ పెళ్ళి ఆల్బంలో అమ్మాయే.

"ముఖం ఎందుకు మార్చారండీ?"

"మార్చలేదండి, కొంచెం లైట్ చేశాను. అందరూ అదే అడుగుతారు. నలుపొస్తే గొడవకొస్తారు మేడమ్, మా అమ్మాయి ఇట్టా ఉంటదా అని. ఈవిడెవరండీ, మీ పనివాళ్ళా?"

"మా అక్క. పోయింది."

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "ఏమనుకోకండమ్మా" అని, స్టూలు జరిపి కూచోమన్నాడు.

కంప్యూటర్లో ఎలా ఉందో అలాగే, ఏమీ ముట్టుకోకుండా వెయ్యమన్నాను. వేశాడు. అది మరీ చీకటిగా వచ్చింది. అక్క కళ్ళు తప్ప ఏమీ తెలియడం లేదు. ఇంట్లో తెరకి వెనకనుంచి వెలుగుంటుందని, కాగితానికి సొంత వెలుగు లేదని, ఏ రెండు తెరలూ ఒకలా ఉండవని ఓపిగ్గా చెప్పాడు. "నేనావిణ్ణి చూడలేదుగదమ్మా. ఏ రంగుకి తేవాలో నాకెట్టా తెలుస్తది? అసలు రంగు తెలిసిందేదన్నా ఉంటే తీసుకురండి. ఆ చీర ఉందా?"

చీర బావ దగ్గరుంది. కబురు చేస్తే తనే బస్సెక్కి తెచ్చాడు. పాత ప్రింటు బీరువాలోంచి తీసి చూపిస్తే, ముఖం వైపు చూడకుండా కాయలకేసి చూశాడు. "ఇది మన సరుకు కాదు. వానకి తడిసి రంగు పోయిన కాయ ఇట్టా ఉంటది. మిర్చి యార్డులో ఎవడూ ముట్టుకోడు. ఈ ఏడు మన కాయ రక్తంలా ఉంది" అన్నాడు. చీర కవరు నా చేతిలో పెట్టి, అన్నం కూడా తినకుండా మళ్ళీ బస్సుకి వెళ్ళిపోయాడు.

నేను బయల్దేరుతుంటే అమ్మ కూడా చెప్పులేసుకుంది. "నేనూ వస్తా. నీకేం గుర్తుందో, నాకేం గుర్తుందో" అంది.

పొద్దున్నే మెషీను వేడెక్కి, ఫోటోలు కడిగే మందులు సరిచూసుకున్నాక రమ్మని ల్యాబ్ ఆయన చెప్పాడు, అప్పుడైతే రంగులు నిలకడగా ఉంటాయట. వెళ్ళేసరికి జనం లేరు. ముందు చిన్న చిన్న ముక్కలు వేసి చూద్దామన్నాడు. అక్క ముఖం, చీర కొంగు, పక్కన గుప్పెడు కాయలు, అంతమేరే. మొదటి ముక్క బయటికి రాగానే నేను ట్యూబులైటు కింద అమ్మకి ఇవ్వబోతే, ఆ వెలుగులో రంగు సరిగ్గా తెలియదని ఆయనే వద్దన్నాడు. ముగ్గురం గుమ్మం బయటికి వచ్చాం. ఆయన చీర మడత విప్పి ఎండలో పట్టుకున్నాడు, అమ్మ ముక్కని దాని పక్కన పెట్టింది.

ఆ చీరకి ఇంకా అక్క వాసన ఉంది. కొంగు చివర మిరప ఘాటు. అమ్మకి తుమ్మొచ్చింది, తుమ్ము వెంటే ఏడుపొచ్చింది. దారినపోయే రిక్షా అతను తిరిగి చూశాడు. ల్యాబ్ ఆయన చీర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"పచ్చ చాల్లేదు" అంది అమ్మ కళ్ళు తుడుచుకుని. "నెమలిమెడలో పచ్చుంటదిగా నాయనా, ఇందులో అంతా నీలమే."

ఆయన లోపలికెళ్ళి ఏవో మీటలు నొక్కి ఇంకో ముక్క తెచ్చాడు. చీర రంగు దగ్గరపడింది. కాయలూ దగ్గరపడ్డాయి. "గడ్డం కింద ఎరుపు కొడుతోందమ్మా, కాయల మీంచి పడ్డది. అది తీసేస్తా" అన్నాడు.

"తియ్యకండి, ఆ రోజు అది ఉంది" అన్నాను.

అమ్మ మాత్రం ముఖాన్నే చూస్తోంది. బొటనవేలితో అక్క చెంప మీద రాసింది, మరక ఏదో తుడుస్తున్నట్టు. చిన్నప్పుడు ప్రతి ఆదివారం నలుగుపెట్టి ఆ చెంపల్నే గట్టిగా రుద్దేది. అక్క మండుతోందని అరిచేది.

"ఇంకాస్త నలుపు వెయ్యి నాయనా" అంది.

ఆయన నా ముఖం చూశాడు. నేను తలూపాను.

తర్వాతి ముక్క చూసి అమ్మ, "ఇంకొంచెం" అంది. ఆ తర్వాతదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మెట్టు మీద కూచుంది.

"ఇదేనామ్మా?" అని ఆయన అడిగాడు.

"ఇదే. ఇదే నా పిల్ల."

మెషీనులో ఆ రంగుల అంకెలు అలాగే ఉంచి పెద్దది వేశాడు. ఆరేదాకా మేం కూచున్నాం. ఒకసారి ఉన్నట్టుండి అమ్మ, "నల్లగా ఉంటే ఏమైందే అసలు" అంది. నన్ను అడిగినట్టు లేదు.

ఆ ఆదివారం ఫ్రేము కట్టించి పర్చూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాం. బావ కాగితం విప్పి, వసారాలోకి తెచ్చి, గోడకి ఆనించి నిలబెట్టాడు. ముందు కాయలు చూశాడు. తర్వాత అక్కని. కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు; చాలాసేపు రాలేదు. పాప ఆడుకుంటున్నది ఆగి, పరిగెత్తుకొచ్చి, ఫ్రేము అద్దానికి ముఖం ఆనించి "అమ్మ" అంది. ఎవరూ చెప్పలేదు. అద్దం వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడ అట్ట తప్ప ఏమీ లేదు. మళ్ళీ ముందుకొచ్చి, "అమ్మా, రా" అని పిలిచింది. రాకపోయేసరికి ఏడ్చింది. ఆ ఏడుపు ఆపడం మా ఎవరి తరమూ కాలేదు. అమ్మ నాతో, "తేకుండా ఉండాల్సిందా?" అని అడిగింది. ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. చిన్నపిల్లతో ఒంటరి సేద్యం సాగదని అందరం కలిసి ఒప్పించిందే. వచ్చినావిడ మంచిది. ఫోటోని తియ్యలేదు, ఎండ తగిలి వెలిసిపోతోందని తనే లోపలి గదిలోకి మార్చింది. పాప ఆవిణ్ణే అమ్మా అని పిలుస్తుంది.

పాప నాలుగో తరగతికి వచ్చిన ఏడు వేసవి సెలవులకి మా ఇంటికొచ్చింది. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను, పక్కింటావిడతో గోడమీంచి ఏదో మాట్లాడుతున్నాను. మాట ముగించి వెనక్కి తిరిగేసరికి పాప గుమ్మంలో నిలబడి వింటోంది.

"పిన్నీ, ఫోటోలో అమ్మ గొంతు నీ గొంతులా ఉండేదా?"

"లేదమ్మా. వేరేగా ఉండేది."

"ఎట్టా ఉండేది?"

కొంచెం బొంగురుగా, అన్నాను. నవ్వుతూ మాట్లాడేటప్పుడు చివరి మాట మింగేసేది, అన్నాను. ఆ అలవాటు చూపిద్దామని, "కడిగించవే, పెద్దది" అని అక్కలా అనబోయాను. నా గొంతే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాను. పాప శ్రద్ధగా వింది, సరేలే పిన్నీ అంది, మంచినీళ్ళు తాగి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.