కాశీలో వదిలిన కార్డులు

నా భార్య అస్థికలు గంగలో కలిపిన రోజున, పురోహితుడు నన్ను ఇష్టమైన కాయో పండో ఒకటి వదిలేయమన్నాడు. కాశీకి వెళ్ళినవాళ్ళు అలా వదిలేస్తారు. ఆ తర్వాత ఇక ఈ జన్మలో దాన్ని ముట్టకూడదు. వింటే గొప్ప నియమమే. మనవాళ్ళ చేతిలో పడ్డాక అది ఏమైందో ఆ మెట్ల మీద అరగంట కూర్చుంటే తెలుస్తుంది. నా పక్కన కూర్చున్న రాజమండ్రి ఆయన కాకరకాయ వదిలేశాడు. ఆయన భార్య పొట్లకాయ వదిలేసింది.

"పొట్లకాయ మనింట్లో ఎవరు తింటారే?" అన్నాడాయన.

"అందుకేగా," అంది ఆవిడ.

నాకు ఒళ్ళు మండింది. నా వంతు వచ్చినప్పుడు, "పాత బేస్‌బాల్ కార్డులు," అన్నాను.

పురోహితుడు చేతిలో చెంబుతో ఆగిపోయాడు. "అది కాయా, పండా బాబూ?"

"అట్టముక్క."

"తినేదేదైనా చెప్పండి."

"నేను బతికింది దాని మీదే. నీళ్ళు పొయ్యండి."

వెనకాల జనం తోసుకుంటున్నారు. ఆయన మారుమాట్లాడకుండా నా చేతిలో నీళ్ళు పోశాడు.

నా మాటలో అహంకారం ఉంది గానీ అబద్ధం లేదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో, ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంటు మీద అమ్మే పాత అమెరికన్ పత్రికల కట్టలో నాకు మూడు కార్డులు దొరికాయి. ముందువైపు టోపీ పెట్టుకున్న ఆటగాడి బొమ్మ. వెనకవైపు అతను ఆడిన ఆటల అంకెలు, వాటి కింద రెండు వాక్యాల జీవితం: ఎక్కడ పుట్టాడు, ఆటలు లేని కాలంలో ఏ పొలంలో, ఏ కొట్లో పనిచేస్తాడు. బబుల్‌గమ్ అమ్ముకోవడానికి పొట్లంలో పెట్టి ఇచ్చిన అట్ట అది. ఆ ఆట నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా చూడలేదు. నాకు కావలసింది ఆ రెండు వాక్యాలే. ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా ఊరికి యూనివర్సిటీ లైబ్రరీ ఉద్యోగం మీద వచ్చాక, ఆన్‌లైన్లోనూ, బ్రిస్బేన్‌లో కార్డులు అమ్మే చోట్లా తిరిగి, పందొమ్మిదివందల యాభైల నాటి ఒక సెట్టు పోగుచేశాను. ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. ఆ ఒక్కటీ గొప్ప ఆటగాడిదేం కాదు. అతని కార్డు ఎవరూ దాచుకోలేదు గనకే దొరకలేదు.

ఈ వ్యసనంలో ఉన్న మిగతావాళ్ళ గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు. కార్డుకి పదికి ఇన్నని మార్కులు వేయించుకుని, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయించి, ఆ అంకెని చూసుకుని మురిసిపోతారు. మూల కొంచెం అరిగితే ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెడతారు. నిజంగా ఇంట్లో మనిషి పోయినప్పుడు మొహం అలా ఉండదని వాళ్ళకి తెలియదు. వెనక ఏం రాసి ఉందో చదివినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణి కూడా చూడలేదు.

చదివించుకున్నది నా భార్య. కొత్త కార్డు వచ్చిందంటే స్టవ్ కట్టేసి వచ్చి కూర్చునేది.

"చదవండి. ఈయనేం చేస్తాట్ట?"

"చలికాలంలో వాళ్ళ నాన్న పాలకొట్లో కూర్చుంటాడట."

"పెళ్ళయిందా?"

"రాయలేదు."

"ఎన్ని కొట్టాడో అంత పొడుగు రాసినవాళ్ళకి, అది రాయడానికేం రోగం!"

కాశీ నుంచి వచ్చిన నాలుగు నెలలకి బ్రిస్బేన్‌లో నాకు తెలిసిన ఒక కార్డులాయన ఈమెయిల్ పంపాడు. నా దగ్గర లేని ఆ ఒక్కటీ, ఎవరో ముసలాయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే బయటపడిందట. ముందు నాకే చెబుతున్నాడట. ఇరవయ్యేళ్ళకి పైగా వెతికిన కార్డు. వద్దని జవాబు రాశాను.

ఆ శనివారం మా ఊళ్ళోని తెలుగు డాక్టరుగారింట్లో బార్బెక్యూకి వెళ్ళి, నోరు జారి ఆ సంగతి చెప్పాను. నియమం పాటించేవాళ్ళు మనలో తక్కువ గానీ, నియమంలో సందులు తెలిసినవాళ్ళకి కొదవ లేదు.

"మీరు కొనద్దండీ," అన్నారు డాక్టరుగారు, పొయ్యి మీద చికెన్ తిప్పుతూ. "నేను కొంటాను. మీకు గిఫ్ట్ ఇస్తాను. టెక్నికల్‌గా మీరేం చెయ్యలేదు."

"అసలు కాశీ రూల్స్ ఆస్ట్రేలియాకి అప్లై అవుతాయా అండీ?" అంది ఆయన భార్య.

"మా ఆవిడ లా చదవాల్సింది," అన్నారాయన. "నన్ను చూడండి, కాశీలో జామపండు వదిలేశా. జ్యూస్ తాగడం మానేశానా? అది పండు కాదుగా!"

"గంగ దాకా వెళ్ళి సాధించుకొచ్చింది ఇదన్నమాట," అన్నాను.

అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

డాక్టరుగారు అన్నంత పనీ చేశారు. రెండు వారాల తర్వాత మా ఇంటికి వచ్చి, బల్ల మీద ఒక దళసరి కవరు పెట్టారు. లోపల ఏముందో చెప్పక్కర్లేకపోయింది.

నేను చేసిన మోసం నాకు అప్పుడు తెలిసింది. నా భార్య పోయిన రోజు నుంచీ నేను కార్డుల పెట్టె మూత తియ్యలేదు. తియ్యాలని అనిపించలేదు కూడా. కాశీలో కూర్చునే నాటికి వాటి మీద నాకున్న ఇష్టం, పక్కావిడకి పొట్లకాయ మీద ఉన్న ఇష్టంతో సమానం. పైగా ఆ పొట్లకాయావిడ తెలిసి చేసింది. నేను త్యాగం అనుకుని చేసి, ఆవిణ్ణి చూసి మొహం చిట్లించాను. ఇప్పుడు ఆ కవరు చూడగానే, నెలల తరబడి తిండి లేనివాడికి వేసినట్టు ఆకలి వేసింది. వెనక ఏం రాసి ఉందో తెలియాలి. ఇంకేమీ అక్కర్లేదు. నా భార్య పేరు మీద నేను వదిలింది ఆ క్షణం దాకా ఏమీ లేదు.

నా చెయ్యి కవరు దాకా వెళ్ళింది.

"ఆగండాగండి," అన్నారు డాక్టరుగారు. "మీరు ముట్టకూడదుగా. నేను చదువుతా, మీరు వినండి. వింటే ముట్టుకున్నట్టా?" కవరు తెరిచి, కార్డు వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆటలు లేనప్పుడు ఈయన—"

"చదవద్దు."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"అదేంటండీ, రెండంటే రెండు లైన్లు!"

"నేను వదిలింది వాటినే. దయచేసి తీసుకెళ్ళండి."

"మీకింత భక్తుందనుకోలేదు."

"లేదు."

"మరి పంతమా?"

ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం న్యాయమే, నాకోసం బ్రిస్బేన్ దాకా వెళ్ళొచ్చిన మనిషి. కవరు చొక్కా జేబులో పెట్టుకుని, కాఫీ సగంలోనే వదిలి లేచారు.

కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వెనక్కి వస్తే బాగుండునని, వచ్చి ఆ వాక్యం పూర్తి చేస్తే బాగుండునని, నిలబడ్డంతసేపూ అనుకున్నాను. ఆయన రాలేదు.